క్లారినెట్టుతో దివిసీమకు

నీళ్లున్న చోట మనుషులు నీళ్ల గురించి మాట్లాడరన్నది ఈ ప్రయాణంలో నేను మొదట గమనించిన సంగతి. మా అనంతపురంలో ఇద్దరు కలిస్తే మూడో మాట వాన. కృష్ణా డెల్టాలో మోకాటిలోతు నీళ్లలో నిలబడి ఎన్నికల గురించి మాట్లాడుకుంటారు. ఆ వైపు వెళ్లని మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లొచ్చినవాళ్లకు అభ్యంతరాలుంటే ఉండనివ్వండి, నాకు వాదన కొత్త కాదు.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. సంగీతం రాదు. దసరా సెలవుల్లో మా విద్యార్థుల వాద్యబృందం కృష్ణాజిల్లాలో కచేరీలు చెయ్యబోతోందని, అందులో ఆడపిల్లలున్నారు కాబట్టి ఒక ఆడమనిషి తోడుండాలని ప్రిన్సిపాలుగారు నన్ను పంపారు. "మీరుంటే ఎవరూ జోలికి రారు" అన్నారాయన. పొగడ్తగానే తీసుకున్నాను.

బృందాన్ని తయారుచేసింది మా సంగీతం లెక్చరరు శేషాచలంగారు. మెత్తటి మనిషి. బస్సు కండక్టరుకు కూడా నమస్కారం పెట్టి టిక్కెట్టు అడుగుతారు. కచేరీకి ఆయన ఎంచుకున్న విషయం మాత్రం మెత్తనిది కాదు: స్వేచ్ఛ, ప్రవాసం. అరణ్యవాసం వెళ్లినవాళ్ల మీద కట్టిన వరసలు, జైళ్లలో పాడుకున్నవి, ఓడలెక్కి తోటల్లో కూలికి పోయినవాళ్లవి, పరాయి రాజ్యంలో చెరలో పడ్డవాళ్ల విలాపం. వయొలిన్లు, వేణువు, హార్మోనియం, మృదంగం, క్లారినెట్టు పెట్టి వీటన్నిటినీ మాటల్లేకుండా వాయిస్తారు. మాటలు నావి. పాటకూ పాటకూ మధ్య లేచి, ఇది ఎవరి బాధ, ఎందుకొచ్చింది అని చెప్పాలి. అది నాకు బాగానే చేతనవుతుంది.

బందరు

బందరు అంటే సముద్రం అనుకుని వెళ్లాను. దిగాక సముద్రం ఎక్కడని అడిగితే "దూరమండీ, అంత దూరం ఎందుకెళ్తారు?" అన్నారు. ఓడరేవుగా పేరుపడ్డ ఊరు ఓడల్ని మరిచిపోయినట్టుంది. మిగిలిందల్లా గాలిలో ఉప్పు, దండెం మీద ఎప్పటికీ ఆరని చీర. లడ్డు మాత్రం పేరుకు తగ్గట్టే ఉంది. శనగపిండిని కారప్పూసలా వేయించి, దంచి, జల్లించి, బెల్లంపాకంలో వేసి మళ్లీ దంచుతారు. మా వైపు అంత కష్టపడితే ఒక బావి తవ్వుతాం. మిఠాయి కొట్టువాడు వీశె ధర చెబితే నేను సగానికి అడిగాను. అతను కోపగించుకోలేదు. "మీది రాయలసీమా అండీ?" అని అడిగి, ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. ధర మాత్రం తగ్గించలేదు.

కచేరీ బాగానే జరిగింది. క్లారినెట్టు ఊదే పిల్ల లేచినప్పుడు వెనక వరసల్లో గుసగుసలు పుట్టాయి. "ఆడపిల్ల బూర ఊదడమేంటయ్యా!" "బుగ్గలు చూడు, పూరీల్లా!" నేను తిరిగి చూశాను. ఆగిపోయాయి.

అయిపోయాక ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ఆదెమ్మగారట, మాకు బస ఇచ్చిన ప్లీడరుగారి పక్కింటావిడ.

"బాగా చెప్పావమ్మా. కానీ పరాయిదేశం, పరాయిదేశం అని ఊరికే అంటావేం? నేను పుట్టింది రంగూన్లో. బాంబులు పడ్డాక ఇక్కడికొచ్చి పడ్డాం. రాగానే మా అత్తగారు, సొంతూరొచ్చామే అని నేలకి దణ్ణం పెట్టింది. నాకా నేల తెలీందే!"

"అయితే మీకు బందరే ప్రవాసమన్నమాట."

"అదేదో నువ్వు చెప్పాలి, చదువుకున్నదానివి. ఆ పిల్ల ఊదుతుంటే రంగూన్లో మా వీధి గుర్తొచ్చింది. అంతే నాకు తెలిసింది."

స్వదేశానికీ జన్మస్థలానికీ తేడా ఆవిడకు వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, "రేపు పొద్దున మా ఇంటికి టిఫినుకి రా" అంది.

ఆ క్లారినెట్టు పిల్ల పేరు సుగుణ. క్రైస్తవుల పిల్ల. మా ఊరి మిషనాసుపత్రిలో నర్సుగా ఉన్న పిన్ని దగ్గర ఉండి చదువుకుంటోంది. సొంతూరు దివిసీమలో, నాగాయలంకకు ఇవతల. మా ప్రయాణంలో ఆఖరి కచేరీ ఆ ఊళ్లోనే. తనే మావయ్యకు రాసి ఏర్పాటు చేయించుకుంది. ఆ సాయంత్రం వాద్యాలు సర్దుతూ నాతో అంది:

"మేడమ్, మా ఊళ్లో కచేరీ చర్చి ఆవరణలో పెట్టారంటండి."

"మంచిదేగా."

"అక్కడైతే మా నాన్న రాడండి."

విషయం ఇది. ఆమె తండ్రి దేవదానం బ్యాండుమేళంలో క్లారినెట్టు ఊదుతాడు. పెళ్లిళ్లకు ఊదుతాడు, అమ్మవారి సంబరాలకూ ఊదుతాడు. విగ్రహాల ముందు ఊదకూడదని చర్చి సంఘం కట్టుబాటు. పెద్దలు చెప్పి చూశారు, వినలేదు. ఆయనకు ప్రభుబల్ల ఆపేశారు, అంటే ఆరాధనలో అందరితోపాటు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. రావద్దనలేదు, వెనక వసారాలో కూర్చోవచ్చు. వసారాలో కూర్చోనని ఆయన ఆ గేటే దాటడం మానేశాడు. ఆ మాట చెప్పిన సంఘపెద్ద ఎవరో కాదు, సుగుణ మేనమామే.

"నాకు ఊదడం నేర్పింది నాన్నేనండి. పదిమందిలో నేను ఊదగా ఒక్కసారీ వినలేదు. అందుకే మా ఊరికి రమ్మన్నాను."

"నేను రప్పిస్తాను" అన్నాను.

"ఎలాగండి?"

"మాట్లాడి."

"మా మావయ్యతో మాట్లాడి ఎవరూ గెలవలేదండి."

"నాతోనూ గెలవలేదు" అన్నాను.

గుడివాడ

గుడివాడలో మా ఆతిథ్యం ఒక పెద్ద రైతుగారింట్లో. అక్కడివాళ్లు అన్నం తినడం చూస్తే మన సంగటి ముద్దకు సిగ్గేస్తుంది. పప్పుతో అన్నం, గోంగూరతో అన్నం, పులుసుతో అన్నం, పెరుగుతో మళ్లీ అన్నం. నెయ్యి గరిటెతో కాదు, గిన్నెతో వంచుతారు. వద్దంటే వాళ్లకు వినపడదు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే పోస్తారు. మా పిల్లలు రెండురోజులకు సరిపడా తిని వయొలిన్ పట్టుకోలేకపోయారు.

ఇంకా వడ్డిస్తుండగా చూశాను, హాల్లో అందరి విస్తళ్లూ ఒక వరసన ఉన్నాయి, వసారాలో ఒకటే విస్తరి ఉంది.

"అదెవరికండీ?" అని ఆ రైతుగారిని అడిగాను.

"ఆ క్రిస్టియన్ అమ్మాయికండీ. నాకేం పట్టింపు లేదండోయ్. మా అమ్మగారు పాతకాలం మనిషి..."

"పట్టింపు లేనివాళ్లు ఎక్కడ కూర్చున్నా ఒకటేగా. నేను అక్కడ కూర్చుంటాను" అని లేచాను.

వడ్డించిన విస్తరి పట్టుకుని నడవడం చూసినంత తేలిక కాదు. నా వెనక శేషాచలంగారు లేచారు. ఆయన పులుసు గడప దగ్గరికొచ్చేసరికి పంచె మీదికి దిగింది. తరవాత పిల్లలందరూ. హాల్లో రైతుగారూ, కరెంటు ఫంకా మిగిలారు. లోపలినుంచి ఆ పాతకాలం అమ్మగారు వచ్చి చూసి, "అదేంటమ్మా, అందరూ ఎండన పడ్డారు! ఒసే, ఆ మజ్జిగ ఇటు పట్రా!" అని సుగుణకు కూడా తన చేత్తోనే పోసింది. పట్టింపు ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు.

సుగుణ తలొంచుకుని తినేసి, చెయ్యి కడుక్కునేటప్పుడు అంది: "వీళ్ల సంబరాల్లో ఊదాడని మా నాన్నని చర్చివాళ్లు వసారాలో కూర్చోమన్నారు. వీళ్లింటికొస్తే వీళ్లూ వసారాలోనే. మేమూ ఒక వసారా కట్టించాలండి మేడమ్, ఎవరినో ఒకరిని కూర్చోబెట్టడానికి."

సాయంత్రం కచేరీకి అధ్యక్షుడు ఆ రైతుగారే. స్వేచ్ఛ మీద ఆయన చేసిన ప్రసంగం మా కచేరీ కంటే పొడుగ్గా సాగింది. మధ్యలో రెండుసార్లు నావైపు చూశారు.

పులిగడ్డ మీదుగా

మొవ్వలో బస్సు ఆగినప్పుడు కాఫీ తాగాం. రెండణాలకు గ్లాసు నిండా ఇచ్చాడు. మా వైపు ఆ డబ్బుకు గ్లాసు చూపిస్తారు. దారి పొడుగునా పచ్చటి వరిచేలు, వాటి మధ్య ఎవరో గీత గీసినట్టు కాలవలు. నా పక్క సీటులో కూర్చున్న ముసలి రైతు మా ఊళ్లో ఏం పండుతుందని అడిగాడు. వేరుశెనగ అన్నాను. "అన్నంలోకా అండీ?" అన్నాడు పాపం, నిజంగా జాలితో.

పులిగడ్డ దగ్గర ఒక వింత ఉంది. కింద కృష్ణ పాయ, దాని మీద కట్టడం, ఆ కట్టడం మీద కాలవ. అంటే నీళ్లమీద నీళ్లు పోతుంటాయి. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తుంటే ముసలాయన, "లోపలికి రండమ్మా, అది ఎక్కడికీ పోదు" అన్నాడు.

అనర్థం జరిగింది అక్కడే. శేషాచలంగారు ఒక బాలెంతరాలికి సీటిచ్చి, వెనక బెంచీమీద ఉన్న గుడ్డసంచీమీద కూర్చున్నారు. ఆ సంచీలో సుగుణ రీడ్లున్నాయి. రీడంటే క్లారినెట్టు మూతికి కట్టే పల్చటి బద్ద. అది లేకపోతే క్లారినెట్టు వట్టి గొట్టం. ఉన్నవన్నీ చిట్లిపోయాయి. శేషాచలంగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మద్రాసులో తప్ప దొరకవే ఇవి!"

"మా నాన్న దగ్గరుంటాయండి" అంది సుగుణ. ఆమె మొహంలో విచారం ఏమాత్రం కనపడలేదు.

మాస్టారి గేటు

సుగుణ మేనమామ సామ్యేలు మాస్టారు మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి మానుకున్నారు. పెంకుల చర్చి, చుట్టూ ముళ్లకంచె, రెండు ఇటుక స్తంభాల మధ్య గేటు. ఆయన మాకు టీ ఇప్పించి, పిల్లలకు చాపలు చూపించి, నా ముందు కూర్చున్నారు. నేను ఆలస్యం చెయ్యలేదు.

"మీ బావగారిని కచేరీకి రానివ్వాలి మాస్టారూ."

"రానివ్వకపోవడం ఏముందండీ? గేటు తీసే ఉంది, చూడండి."

"వసారాలో కూర్చోమనడం పిలవడమెలా అవుతుంది?"

"మీ కాలేజీలో పరీక్ష తప్పినవాణ్ని పై క్లాసులో కూర్చోబెడతారా?"

"ఆయన తప్పిన పరీక్ష ఏమిటండీ? పొట్టకోసం నాలుగుచోట్ల ఊదాడు. అంతేగా!"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మా తాతలు అమ్మవారి ముందు డప్పు కొట్టారమ్మా. ఇష్టముండి కాదు. కొట్టకపోతే వీపు చిట్లేది. ఇక కొట్టం అని ఒకరోజు అన్నారు. ఆ ఒక్కమాట అనడం కోసమే ఈ గుడికొచ్చారు. మీకు స్వతంత్రం నలభై ఏడులో వచ్చింది. మాకు ఆ రోజే వచ్చింది. ఇప్పుడు మావాడే మళ్లీ పోయి ఆ అమ్మవారి ముందే ఊదుతానంటే, నేనేమనాలి?"

చరిత్ర చెప్పేదాన్ని నేను. ఈ చరిత్ర నా పాఠాల్లో లేదు. అయినా పట్టు వదల్లేదు. "సొంత చెల్లెలి భర్త కదా మాస్టారూ."

"అందుకేనండీ. చెల్లెలి మొగుడని వదిలేస్తే రేపు ఇంకొకణ్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? సంఘం ముందు నిలబడి, తప్పయిందని ఒక్కమాట అంటే చాలు. వెంటనే పక్కన కూర్చోబెట్టుకుంటా."

ఆలోచిస్తానని చెప్పి లేచాను. నోటి పరీక్షలో ఈ మాట అన్నవాళ్లకు నేను సున్నా వేస్తాను.

దేవదానంగారి ఇల్లు

రీడు కోసం సుగుణతో వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు కాలవగట్టు కింద. తల్లి చేపలపులుసు దించుతూ, "అన్నయ్యతో వాదించారంటగా, ముందు రెండు ముద్దలు తినండి" అంది. ఊళ్లో వార్త నాకంటే ముందే నడుస్తోంది. పులుసులో పడిన మామిడికాయ వొరుగు రుచి ఇంకా నాలుకమీదుంది. మా వైపు చేపంటే చెరువెండిపోయినప్పుడు తినేది.

దేవదానంగారు బక్కమనిషి. అంత గాలి ఎక్కడ దాచుకుంటాడో తెలియదు. డబ్బాలోంచి ఒక రీడు తీసి, వెలుగుకు పెట్టి చూసి, కూతురి చేతికిచ్చారు. సుగుణ నోట పెట్టుకుని తడిపి చూసింది.

"గట్టిగా ఉంది నాన్నా."

"బయట ఊదేదానికి అట్లాంటిదే కావాలి."

నేను మొదలుపెట్టాను. "ఒక్కమాట అనేస్తే సరిపోతుంది కదండీ."

"ఏ మాటండీ?"

"తప్పయిందని."

"అయితే కదండీ అనడానికి!" అని నవ్వారాయన. "బావ చెప్పింది అబద్ధం కాదు. మా తాతని కొట్టి కొట్టించారు. నన్నెవరూ కొట్టట్లేదు. తాంబూలం పెట్టి పిలుస్తారు. బుద్ధిపుడితే వెళ్తాను, లేకపోతే రానంటాను. రానని చెప్పే స్వతంత్రం బావది. వస్తానని చెప్పేది నాది. ఇద్దరిదీ ఒకటే గొడవండీ, చెరో పక్కనుంచి లాగుతున్నాం."

"సరే, వసారాలో కూర్చోండి. మీ పక్కన నేనూ కూర్చుంటాను. పిల్లలందర్నీ అక్కడే కూర్చోబెడతాను. గుడివాడలో అలాగే చేశాం."

"సుగుణ చెప్పిందండీ. పెద్దమనసు మీది. కానీ రేప్పొద్దున మీరు బస్సెక్కుతారు. వసారా ఇక్కడే ఉంటుంది."

ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఇద్దరి చేతుల్లో ఓడిపోవడం నాకు ముందెప్పుడూ జరగలేదు. తిరిగొస్తుంటే సుగుణ నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

కచేరీ

పొద్దు వాలుతుండగా మొదలుపెట్టాం. చర్చి ముందు చాపలు, ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, ముందువరసలో సంఘపెద్దలకు కుర్చీలు. పెట్రోమాక్సు లైటు చుట్టూ డెల్టా పురుగులన్నీ చేరాయి. రెండు హార్మోనియంలో పడ్డాయి. కంచె అవతల రైతులు, కూలీలు నిలబడి విన్నారు. నేను చెప్పాల్సినవి చెప్పాను, మునుపటికంటే కొంచెం క్లుప్తంగా.

చెరలో పడ్డవాళ్ల విలాపం దగ్గరికొచ్చాం. అందులో మొదటి భాగం అందరిదీ, చివరిది క్లారినెట్టు ఒక్కదానిదే. సుగుణ లేచి నిలబడింది. ఊదడం మొదలుపెట్టింది. తరవాత నడవడం మొదలుపెట్టింది.

కచేరీలో ఎవరూ నడవరు. శేషాచలంగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ఆ పిల్ల చాపల మధ్య దారిలోంచి, తొందర లేకుండా, బ్యాండుమేళంవాళ్లు అడుగులేసినట్టే అడుగేస్తూ గేటువైపు వెళ్లింది. తండ్రి జీవితంలో ఎప్పుడూ కూర్చుని ఊదినవాడు కాదు. ఆయన దగ్గర నేర్చుకున్నది కూడా ఇలాగే నేర్చుకుని ఉంటుంది.

ముందు చిన్నపిల్లలు లేచారు. తరవాత వాళ్లను పట్టుకోవడానికని తల్లులు. తరవాత అందరూ. దివిసీమ జనానికి క్లారినెట్టు ముందు నడిస్తే వెనక నడవడం ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్లయినా అంతే, శవమైనా అంతే. చెప్పులు వెతుక్కుంటూ, కొంగులు సర్దుకుంటూ, ఎక్కడికని అడక్కుండా బయల్దేరారు. "కూర్చోండి! ఇంకా అవలేదు!" అని అరిచాను. నా మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. చివరికి మా మృదంగం కుర్రాడు కూడా మృదంగాన్ని తుండుగుడ్డతో మెడకు తగిలించుకుని, వాయిస్తూ నడిచాడు.

గేటు బయట, రోడ్డుకు అవతల, కాలవగట్టుమీద దేవదానంగారు సైకిలుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. సుగుణ ఆయన ముందు ఆగి చివరి చరణం ఊదింది. ఆయన తలొంచుకుని, పేపరు దిద్దేవాళ్లలా విన్నారు.

"చివరికొచ్చేసరికి గాలి చాల్లేదు. మొదటే ఖర్చుపెట్టేశావ్" అన్నారాయన.

"నడిచొచ్చాను కదా నాన్నా!"

"నడుస్తూనే ఊదాలి మరి. కూర్చుని ఎవడైనా ఊదుతాడు."

అని ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఆ పిల్ల నవ్విన నవ్వు ఈ ప్రయాణంలో నేను మళ్లీ చూడలేదు.

ఈలోగా జనం పక్కకు తప్పుకుంటున్నారు. లోపల ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా మిగిలిన సామ్యేలు మాస్టారు లేచి, మెల్లగా గేటు దాకా వచ్చారు. స్తంభం దగ్గర, లోపలివైపే, ఆగారు. ఆ ఇద్దరూ మాట్లాడుకోక ఏళ్లయిందని అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు.

"దేవదానం."

"ఏం బావా."

"కచేరీ అయిపోయిందా, ఇంకా ఉందా?"

దేవదానంగారు కూతురివైపు చూశారు, ఆమె రెండు వేళ్లు చూపించింది. "ఇంకా రెండున్నాయంట" అన్నారు.

"అయితే ఆ రెండూ అక్కడే కానిమ్మను. ఇంతమందిని మళ్లీ లోపలికి తోలడం నా వల్ల కాదు." వెనక్కి తిరిగి కేకేశారు: "లైటు ఇటు పట్రండి. నా కుర్చీ కూడా."

కుర్చీ మోసుకొచ్చిన మనిషి తటపటాయించాడు. "బయట వెయ్యమంటారా మాస్టారూ?"

"లోపలే. ఇటు తిప్పి వెయ్యి."

గేటుకు లోపల, రోడ్డు వైపు మొహం పెట్టి ఆయన కూర్చున్నారు. దేవదానంగారు సైకిలు స్టాండు వేసి, రోడ్డు దాటి వచ్చి, అదే స్తంభానికి బయటివైపు ఆనుకుని గొంతుకు కూర్చున్నారు. మావాళ్లు గట్టుమీద చాపలు పరిచి మిగిలిన రెండూ మొదలుపెట్టారు.

మొదటిది సగంలో ఉండగా మాస్టారు కుర్చీలోంచి ముందుకు వంగి ఏదో అడిగారు. దేవదానంగారు తల తిప్పకుండానే జవాబు చెప్పారు. మాస్టారు మళ్లీ ఏదో అన్నారు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను, కొంచెం వంగితే వినపడేది. వంగలేదు.